నిన్నటి నీళ్లు తాగొచ్చా?

ఎండాకాలంలో గోదావరి జిల్లాల ఇళ్లలో పొద్దున్నే ఒక తగువు మొదలవుతుంది. అత్తగారు బిందె మీద మూత తీసి చూసి, 'ఇవి నిన్నటి నీళ్లు కదమ్మా, పారబోసి బిందె తోమెయ్' అంటారు. కోడలికి ప్రాణం ఉసూరుమంటుంది. కాలువ కట్టేసి అప్పటికి ఇరవై రోజులైంది. పంచాయతీ కుళాయి రోజు విడిచి రోజు వస్తోంది, అదీ అరగంట. మోసుకొచ్చిన నీళ్లు మొక్కల పాలు చేయడానికి ఆవిడకు చేతులు రావు. 'మూత పెట్టే ఉంచాను కదండీ, ఏమవుతుంది?' అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

మార్కులు ఇద్దరికీ పడతాయి. నీళ్లు పారబోయక్కర్లేదన్న కోడలి మాట చాలావరకు సరైనదే. బిందె తోమాలన్న అత్తగారి మాట నూటికి నూరుపాళ్లు సరైనది.

నీళ్లు పాలు కావు విరిగిపోవడానికి, అన్నం కాదు పాచిపోవడానికి. దానంతటది చెడిపోయే సరుకు శుభ్రమైన నీటిలో ఏమీ లేదు. టైఫాయిడ్, విరేచనాలు తెచ్చే చాలా క్రిములకు అసలు ఇల్లు మనిషి పేగు. చల్లటి, శుభ్రమైన నీటిలో వాటికి తిండి దొరకదు. అందుకే అందులో పడినవి రోజురోజుకీ తగ్గుతూ వస్తాయి తప్ప అదేపనిగా పెరిగిపోవు. కాబట్టి 'తాజా నీరు మంచిది, నిలవ నీరు చెడ్డది' అనే లెక్క అన్నిచోట్లా పనికిరాదు. నిలవ పెట్టేనాటికి ఆ నీరు ఎలాంటిది, ఎందులో పెట్టాం, అందులోంచి ఎలా తీసుకుంటున్నాం అన్నవే అసలు ప్రశ్నలు. ఎన్నాళ్లైంది అన్నది ఆ తర్వాత సంగతి.

ఊరంతా తాగేది నిలవ నీరే

ఆ మాటకొస్తే గోదావరి డెల్టా ఏటా నెలల తరబడి తాగేది నిలవ నీటినే. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటికి సిద్ధమైంది. ఆ కాలువల వల్ల వరి పండిందని అందరం చెప్పుకుంటాం. మంచినీళ్ల సంగతి అంతగా చెప్పుకోం. సముద్రం వైపు వెళ్లేకొద్దీ, నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది, కాట్రేనికోన పక్కన చాలా ఊళ్లలో బోరు వేస్తే వచ్చేది ఉప్పునీరు. అక్కడ వంటకైనా, దాహానికైనా కాలువే దిక్కు. ఆ కాలువను దాళ్వా పంట చేతికొచ్చే వేళకు, అంటే సుమారుగా ఏప్రిల్‌లో కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లో. మధ్యలో ఊరి దాహం తీర్చేది కాలువ కట్టకముందే నింపి పెట్టుకున్న మంచినీళ్ల చెరువు.

వినడానికి భయంగా ఉన్నా, ఇక్కడ నిలవ ఉండటం నీటికి మేలే చేస్తుంది. కదలకుండా ఉన్న నీటిలో బురద అడుగుకు దిగుతుంది. బురద రేణువులను అంటిపెట్టుకున్న క్రిములు కూడా దాంతోపాటే దిగుతాయి. పైనుంచి ఎండ పడుతుంది. నీటిలోని చిన్న చిన్న జీవులు క్రిములను తింటాయి. నది నీటిని అయిదారు రోజులు కదపకుండా ఉంచితే అందులోని బ్యాక్టీరియా తొంభై శాతం దాకా తగ్గిపోతుందని ప్రజారోగ్య పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. లండన్ నగరానికి థేమ్స్ నీళ్లు అందించినవాళ్లు కూడా వందేళ్ల కిందటే పెద్ద పెద్ద రిజర్వాయర్లలో నీటిని నిలవ ఉంచడాన్ని శుద్ధిలో మొదటి మెట్టుగా పెట్టుకున్నారు.

అయితే దీనికీ ఒక హద్దుంది. పది, పద్నాలుగు రోజుల దాకా నిలవ ఉండటం మేలు. ఆ తర్వాత పాచి పెరగడం మొదలవుతుంది. నీళ్లు పచ్చబడతాయి, ఒక రకమైన మట్టి వాసన వేస్తాయి. మన చెరువులు పద్నాలుగు రోజులు కాదు, యాభై అరవై రోజులు ఆగాలి. అందుకే మే నెలాఖరుకు కుళాయి నీళ్ల రంగు, వాసన మారతాయి. ఆ పచ్చదనం ఒక్కటే రోగం తెస్తుందని కాదు. పాచి ఎక్కువైతే ఫిల్టర్లు మూసుకుపోతాయి. క్లోరిన్ కూడా పాచి మీదే ఖర్చైపోయి క్రిములను చంపడానికి మిగలదు. అసలు చిక్కు అక్కడ వస్తుంది.

ఇక చెరువు గట్టు. నిలవ నీటికి మంచి చేసే గుణం ఉందన్నాం కదా, అది పైనుంచి కొత్త మురికి పడనంతవరకే. కంచె లేని చెరువులో గేదెలు దిగుతాయి, గట్టు మీద బట్టలు ఉతుకుతారు, వానొస్తే వీధి నీరంతా అందులోకే జారుతుంది. అప్పుడు అరవై రోజుల నిలవ కూడా అక్కరకు రాదు, ఎందుకంటే ఆ నీటికి ప్రతిరోజూ మొదటి రోజే. కొన్నిచోట్ల మంచినీళ్ల చెరువును చేపల పెంపకానికి పాటకు ఇవ్వడం కూడా ఉంది. పంచాయతీకి నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. చేపలకు వేసే మేత, ఎరువు నీటిలో పాచికి కూడా మేతే. ఆ డబ్బులు వదులుకోవడమే లాభం.

ఇంకొకటి, చెరువు నింపే రోజు. జూన్‌లో కాలువ వదలగానే అందరికీ తొందర. కానీ రెండు నెలలు ఎండిన కాలువలో ఏమేం పడ్డాయో ఆ ఊరివాళ్లకే తెలుసు. కోళ్ల వ్యర్థాల దగ్గర నుంచి రొయ్యల చెరువులు వదిలిన నీళ్ల దాకా అన్నీ ఉంటాయి. మొదట వచ్చే నీరు వాటిని తోసుకుంటూ వస్తుంది. శివారు ఊళ్లకు చేరేసరికి పైఊళ్ల చెత్త మొత్తం తోడవుతుంది. మొదటి కొన్ని రోజుల నీటిని దిగువకు పోనిచ్చి, కాలువ తేరుకున్నాక తూము తెరిచే ఊరికి, తొందరపడి తెరిచే ఊరికి తేడా ఆసుపత్రి వరండాలో కనిపిస్తుంది.

చెరువు నుంచి నీరు చాలాచోట్ల ఇసుక ఫిల్టరుకు వెళ్తుంది. 'స్లో శాండ్ ఫిల్టర్' అంటారు. ఇందులో ఒక తమాషా ఉంది. శుద్ధి చేసేది ఇసుక ఒక్కటే అనుకుంటాం. కానీ ఇసుక పైన పట్టే జిగురుపొర ఉంది చూశారూ, అసలు పనిమంతురాలు అదే. ఆ పొరలో బతికే సూక్ష్మజీవులు నీటితో వచ్చే క్రిములను పట్టి తినేస్తాయి. కొత్త ఇసుక వేశాక ఆ పొర కట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. దాన్ని మురికి అనుకుని మాటిమాటికీ గీకేసినా, కరెంటు లేదని మధ్యమధ్య ఎండబెట్టినా ఫిల్టరు పేరుకే మిగులుతుంది. మీ ఊరి ఫిల్టరు బెడ్ ఎప్పుడు గీకారో, ఆ తర్వాత ఎన్ని రోజులు ఆగి నీళ్లు వదిలారో పంచాయతీలో ఒకసారి అడగండి. జవాబు చెప్పగలిగిన మనిషి దొరికితే మీ ఊరు అదృష్టం చేసుకుందన్నమాటే.

వాసన పోయిందంటే కాపలా పోయినట్టే

ఇప్పుడు వంటింటి బిందె దగ్గరకు వద్దాం. కుళాయి నీళ్లలో మందు వాసన వస్తోందని చాలామంది మొహం చిట్లిస్తారు. ఒక రాత్రి ఉంచితే వాసన పోయి కమ్మగా ఉంటాయంటారు. నిజమే, పోతుంది. ఎందుకంటే క్లోరిన్ ఆవిరైపోతుంది, మిగిలింది బిందె గోడల మీది మురికితో కలిసి ఖర్చైపోతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం క్లోరిన్ కలిపిన తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది క్రిములను చంపగా మిగిలిన మందు, అంటే రాబోయే దొంగ కోసం నిలబెట్టిన కాపలావాడు. కుళాయి దగ్గర ఉన్న కాపలావాడు తెల్లారేసరికి ఇంటికెళ్లిపోతాడు. అందువల్ల నీళ్లు విషమైపోవు. కానీ ఆ తర్వాత అందులో ఎవరైనా చెయ్యి పెడితే అడ్డుకునేవాడు ఉండడు.

చెయ్యి పెట్టేది ఎవరు? మనమే. పిల్లాడు బయట ఆడుకుని వచ్చి గ్లాసు ముంచుతాడు. గ్లాసుతోపాటు నాలుగు వేళ్లూ మునుగుతాయి. తాగిన గ్లాసునే మళ్లీ ముంచుతారు. చెంబు నేల మీద పెట్టి, అదే చెంబు బిందెలో వేస్తారు. చంటిబిడ్డకు కడిగిన చేతిని నీళ్లతో మాత్రమే తడిపి వంటింట్లోకి వచ్చే తల్లులున్నారు. కుళాయి దగ్గర పట్టినప్పుడు బాగున్న నీరు ఇంట్లో నిలవ ఉన్నాక ఎలా ఉంటుందన్న విషయం మీద వివిధ దేశాల్లో జరిగిన 57 అధ్యయనాలను 2004లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. పట్టిన చోటు కంటే తాగే చోట నీరు మురికిగా ఉండటం చాలా ప్రాంతాల్లో కనిపించింది. పట్టిన చోట నీరు ఎంత బాగుంటే, ఇంట్లో పాడయ్యేది అంత ఎక్కువగా తేలింది.

దీనికి విరుగుడు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు కూజా. వెడల్పు మూతి బిందెలో చెయ్యి దూరుతుంది, సన్నటి మెడ కూజాలో దూరదు. నీళ్లు కావాలంటే వంచుకోవాల్సిందే. కలకత్తా మురికివాడల్లో కలరా వచ్చిన ఇళ్లకు ఇలాంటి సన్నమూతి పాత్రలే పంచిపెట్టి చూశారు. వాళ్లు వాటిని సొరాయి అంటారు. ఆ ఇళ్లలో మిగతావాళ్లకు కలరా సోకడం, ఏమీ ఇవ్వని ఇళ్లతో పోలిస్తే నాలుగోవంతుకు పడిపోయింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ లెక్కలు వచ్చాయి. మందు లేదు, మాత్ర లేదు, కుండ మూతి మారిందంతే. కూజా దొరకకపోతే కుళాయి బిగించిన స్టీలు డ్రమ్ము అదే పని చేస్తుంది. అదీ లేకపోతే పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి బిందె పక్కన మేకుకు వేలాడదీయండి. నీళ్లు తీయడానికి అదొక్కటే. గ్లాసు బిందెలోకి దిగకూడదు. ఇంట్లో ఈ ఒక్క నియమం నిలబెట్టడం ఎంత కష్టమో ఇల్లాళ్లకు తెలుసు. చుట్టాలొచ్చిన రోజు అసలు సాగదు.

వేసవి చలివేంద్రాల దగ్గరా ఇదే చూడాలి. పుణ్యానికి పెట్టినవే. కుండలు, వాటి మీద తడి గోనె, పైన మూకుడు, గొలుసు కట్టిన ఒకే స్టీలు గ్లాసు. ఆ గ్లాసు ఎవరు పడితే వారు ముంచుకునేలా వదిలేయకుండా, ఒక మనిషి కూర్చుని పైనుంచి పోసేలా ఏర్పాటు చేస్తే ఆ పుణ్యం పూర్తిగా దక్కుతుంది.

బిందె లోపలి గోడ మీద వేలితో రాసి చూడండి. జారుతున్నట్టు, జిగురుగా తగిలితే అక్కడ క్రిములు కాపురం పెట్టాయని అర్థం. పై నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టినా ఆ పొర కదలదు, కొత్త నీటికి అంటుకుంటుంది. అందుకే తోమకుండా తొలకరించి పట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. అత్తగారికి పూర్తి మార్కులు వేసింది ఇందుకే. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు సంగతి మరీ అన్యాయం. బిందెను రోజూ తోమే ఇంట్లోనే ట్యాంకు మూత తీసి మూడేళ్లై ఉంటుంది. ఏడాదికి రెండుసార్లైనా దాన్ని దింపి కడిగించాలి. మూత పగిలి ఉంటే ముందు అది మార్చాలి. పావురాలు, బల్లులు మన అనుమతి అడిగి రావు.

రాగి చెంబు, ఇత్తడి బిందె

రాగి చెంబులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగే అలవాటు గురించి అడిగేవాళ్లు ఎక్కువ. ఇది ఉత్తి నమ్మకం కాదు. బెంగళూరు పరిశోధకులు కలరా, టైఫాయిడ్, షిగెల్లా వంటి క్రిములను కావాలని కలిపిన నీటిని రాగి పాత్రల్లో 16 గంటలు ఉంచారు. ఆ తర్వాత వెతికితే బతికున్న క్రిమి దొరకలేదు. 2012లో అచ్చయిన ఆ పరిశోధనలో నీటిలోకి దిగిన రాగి కూడా ప్రమాద స్థాయికి చాలా తక్కువగానే ఉంది. మన ఇత్తడి బిందెలకూ ఈ గుణం ఉందని 2005లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇత్తడిలో ఉన్నది రాగి, తుత్తునాగమే కదా. అయితే దానికి 48 గంటల దాకా పట్టింది.

కాబట్టి రాగి పని చేయాలంటే సమయం ఇవ్వాలి. సాయంత్రం ఆరింటికి పోసి రాత్రి తొమ్మిదింటికి తాగితే అది వట్టి చెంబే. పైగా లోపల నల్లగా, పచ్చగా పొర పట్టకుండా చింతపండుతో తోముతూ ఉండాలి. లోపల లక్క లాంటి పూత పూసి మెరిపించే చెంబుల్లో నీటికి రాగి తగలదు. నిమ్మరసం, మజ్జిగ మాత్రం రాగిలో పోయవద్దు. పులుపుకు రాగి ఎక్కువగా కరిగి వాంతులవుతాయి. మురికి కాలువ నీళ్లను రాగిలో పోస్తే గంగాజలం అయిపోతుందనుకోవడం కూడా అత్యాశే. ప్రయోగం చేసింది తేటనీటితో.

గంగాజలం మాట వచ్చింది కనుక చెప్పాలి. కాశీ నుంచి తెచ్చుకున్న సీలు వేసిన చెంబులు, 2003, 2015 పుష్కరాల్లో పట్టి దేవుడి గదిలో పెట్టుకున్న గోదావరి నీళ్ల సీసాలు మన ఇళ్లలో ఎన్నో. ఏళ్లు గడిచినా పాడవలేదని మురిసిపోతాం. ఇంగ్లిషు శాస్త్రవేత్త హాంకిన్ 1896లో గంగ, యమునల నీటిలో కలరా క్రిమి త్వరగా చచ్చిపోతోందని, అదే నీటిని కాచితే ఆ గుణం పోతోందని రాశాడు. క్రిములను తినే వైరస్‌లు ఉంటాయని, వాటికి బ్యాక్టీరియోఫేజ్‌లని పేరు పెట్టిందీ ఆ తర్వాత ఇరవై ఏళ్లకు. ఈ కథ నిజమే అయినా, లక్షలమంది మునిగిన రేవులో పట్టిన సీసాకు అది పూచీ కాదు. తేటగా కనిపించడం వేరు, క్రిములు లేకపోవడం వేరు. ఇంటికి వచ్చినవాళ్ల తల మీద చల్లడానికి భేషుగ్గా వాడుకోండి. తీర్థంగా పిల్లల చేతిలో పోయకండి.

క్యాన్ నీళ్ల ధీమా

ఇప్పుడు పల్లెల్లో కూడా చాలామంది కుళాయిని నమ్మడం మానేశారు. భీమవరం పక్క పల్లెల్లో 2000 తర్వాతి పదేళ్లలోనే ట్రస్టులు, దాతలు నీళ్ల ప్లాంట్లు పెట్టడం మొదలైంది. 2014 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం రెండు రూపాయలకు ఇరవై లీటర్లంటూ ఎన్టీఆర్ సుజల స్రవంతి ప్రారంభించింది. ఈ రోజు ఆటోలో క్యాన్లు రాని వీధి లేదు. జనం వాటిని 'మినరల్ వాటర్' అంటారు గానీ ఆ ప్లాంటు చేసేది ఖనిజాలను తీసేయడమే.

ఉప్పునీటి ఊళ్లకు ఇది వరమే, కాదనలేం. కానీ నిలవ విషయానికొస్తే ఈ నీటికి ఒక బలహీనత ఉంది. ఆర్‌వో యంత్రంలోకి వెళ్లేముందే క్లోరిన్‌ను తీసేస్తారు, లేకపోతే లోపలి పొర పాడవుతుంది. ప్లాంటులో చివర అతినీలలోహిత కాంతితో క్రిములను చంపినా, ఆ కాంతి క్యాన్‌తోపాటు మీ ఇంటికి రాదు. అంటే క్యాన్ నీటికి కాపలావాడు మొదటినుంచీ లేడు. పది ఇళ్లు తిరిగి వచ్చిన క్యాన్‌ను రెండు చుక్కల నీళ్లు చిలకరించి మళ్లీ నింపితే, లోపల జిగురుపొర ఉంటే, యంత్రం ఎంత ఖరీదైనదైనా ఫలితం లేదు. క్యాన్‌ను ఎండలో పెట్టి లోపలికి చూడండి. గోడల మీద పచ్చటి జీర కనిపిస్తే వెనక్కి పంపేయండి. తెరిచిన క్యాన్‌ను రెండు మూడు రోజుల్లో వాడేయడం మంచిది. క్యాన్ బోర్లించే కూలర్ లోపలి తొట్టెను ఎప్పుడు కడిగారో గుర్తు లేదంటే, ఈ ఆదివారం ఆ పని పెట్టుకోండి.

నీటిలో పుట్టేవి

క్రిములు కాకుండా నిలవ నీటిలో పుట్టి పెరిగేవి వేరే ఉన్నాయి. డెంగీ దోమ మురుగు కాలువ జోలికి పెద్దగా పోదు. దానికి మనం దాచుకున్న తేటనీరే ఇష్టం. గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది. అందుకే వారానికోసారి, మన దగ్గర శుక్రవారం 'డ్రైడే' అని ప్రచారం చేస్తారు. తొట్టి ఖాళీ చేస్తే చాలదు, గోడలు పీచుతో రుద్దాలి. ఆ గుడ్లు నీళ్లు లేకుండా నెలల తరబడి గోడకు అతుక్కుని బతికుండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి.

పెద్దవాళ్లకు నారికురుపు గుర్తుండే ఉంటుంది. కాలిలోంచి దారంలా పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగేవారు. నిలవ నీటిలోని కంటికి ఆననంత చిన్న పురుగును మింగడం వల్ల వచ్చే జబ్బది. ఆంధ్రప్రదేశ్ కూడా దాని బాధితురాలే. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో భారతదేశానికి దాని నుంచి విముక్తి లభించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. టీకా లేదు, మందు లేదు. మెట్ల బావులు మూసేసి, నీళ్లు గుడ్డతో వడగట్టి తాగించి దాన్ని తరిమేశారు. ఆ గుడ్డ మహిమ అంతటితో ఆగలేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత నూలు చీరను మడతలు వేసి నీళ్లు వడగట్టిస్తే కలరా సుమారు సగానికి తగ్గిందని 2003లో తేలింది. కొత్త చీర కాదు, ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరే. నూలు పోగులు ఉబ్బి సందులు చిన్నవవుతాయి. కలరా క్రిమి ఒంటరిగా తప్పించుకోగలదు గానీ, అది అంటిపెట్టుకునే నీటిపురుగులు గుడ్డలో చిక్కుతాయి.

నిలవ ఉంచినా, కాచినా, వడగట్టినా పోనివీ ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో ఏలూరులో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయారు. ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అందరూ మొదట అనుమానించింది నీటినే. ఢిల్లీ ఎయిమ్స్ రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉంటాయని నిపుణులు చెప్పారు. అవి ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది మాత్రం తేలలేదు. ఇలాంటి రసాయనాలకు వంటింటి వైద్యం లేదు. కాస్తే నీరు తగ్గి అవి చిక్కబడతాయంతే. నీటిని పరీక్షించడం, కాలువలోకి రాకుండా ఆపడం తప్ప దారి లేదు.

కాచిన నీళ్లు ఎన్నాళ్లు?

తళతళ మరిగేదాకా కాచి ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. పావుగంట మరిగించి గ్యాస్ తగలేయక్కర్లేదు. కానీ కాచినవి చల్లారాక వేరే బిందెలోకి ఒంపుతారు చూశారూ, అక్కడే వస్తుంది తంటా. కాచిన గిన్నెలోనే మూతపెట్టి ఉంచి, ఒక రోజులో వాడేయండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ విషయంలో పట్టుదలగా ఉండాలి. నీటి ద్వారా వచ్చే కామెర్లలో హెపటైటిస్-ఇ అనే రకం ఉంది. మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోయే ఆ జబ్బు, నెలలు నిండిన గర్భిణికి వస్తే నూటికి ఇరవై, పాతిక మంది దాకా ప్రాణం పోవచ్చు. పసరు మందుల కోసం తిరుగుతూ రోజులు పోగొట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

రాత్రి మంచం పక్కన పెట్టుకున్న గ్లాసు నీళ్లు పొద్దున చప్పగా అనిపిస్తాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కొంచెం కరుగుతుంది, క్లోరిన్ పోతుంది, రుచి మారుతుంది. హాని లేదు. నోరు పెట్టి తాగి వదిలేసిన సీసా అయితే రెండో రోజుకు ఉంచకండి. కారులో ఎండకు మాడిన ప్లాస్టిక్ సీసా నీళ్లు కూడా అంతే, పారబోయడమే మేలు.

వరద రోజుల్లో

వీటన్నిటికీ అసలు పరీక్ష జులై, ఆగస్టుల్లో. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2022 జులైలో పాతిక లక్షలు దాటింది. లంక గ్రామాల్లో చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు. బోర్లు, బావులు, చెరువులు అన్నీ ఎర్రనీటిలో మునుగుతాయి. ఆ నీటిని పట్టి ఉంచుకోవడం తప్ప గత్యంతరం లేనప్పుడు వరస మరిచిపోకూడదు. ముందు తేర్చాలి, తర్వాత మందు వేయాలి. బురద నీటిలో క్లోరిన్ వేస్తే ఆ బురదే దాన్ని మింగేస్తుంది.

తేర్చడానికి పటిక తిప్పుతారు. అది దొరకనప్పుడు పాతకాలంలో చిల్లగింజ ఉండేది. కొన్నిచోట్ల ఇండుపగింజ అంటారు. కుండ లోపలి గరుకు గోడకు దాన్ని అరగదీసి బురద నీళ్లు పోస్తే, కాసేపటికి మట్టి అంతా అడుగుకు దిగిపోయేది. సంస్కృతంలో కతకం అని సుశ్రుతుడు చెప్పింది దీన్నే. విషముష్టికి దగ్గరి చుట్టమైనా ఈ గింజ నీటికి మంచిదే. అయితే పటికైనా, చిల్లగింజైనా మట్టిని దించుతాయి తప్ప క్రిములన్నిటినీ చంపవు. అద్దంలా తేరిన వరద నీటిని చూసి మోసపోయేది ఇక్కడే.

పైన తేరినదాన్ని గుడ్డతో మరో పాత్రలోకి వంచుకున్నాక క్లోరిన్ బిళ్ల వేయండి. ఎన్ని లీటర్లకు ఒకటో అట్ట మీద ఉంటుంది, బిళ్లలన్నీ ఒకే బలంవి కావు. వేశాక అరగంట ఆగాలి. పెద్ద ట్యాంకుకైతే బ్లీచింగ్ పౌడర్. తేట నీరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు, వరద నీటికి ఇంకా ఎక్కువ పడుతుంది. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకండి. కాసిన్ని నీళ్లలో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్లు పోసి పది నిమిషాలు వదిలితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటినే ట్యాంకులో పోసి గంట ఆగాలి. పొడి కొనేటప్పుడు సంచి మీది తేదీ చూడండి. తాజా బ్లీచింగ్‌లో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది. గాలి, ఎండ, చెమ్మ తగిలితే అది నిలవలో ఎగిరిపోతుంది. మూత తీయగానే ఘాటు ముక్కుపుటాలకు తగలాలి. తగలకపోతే దాన్ని పెరటి గచ్చు కడగడానికి వాడుకుని, నీళ్ల కోసం కొత్తది తెప్పించండి.